జైలు తాత చివరి సీను

సినిమాల్లో ఆయన చచ్చినన్నిసార్లు ఇంకో మనిషి చచ్చి ఉండడు. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, జైల్లోనే. కథ ఏదైనా కానివ్వండి, అందులో జైలుంటే ఒక మంచి ముసలి ఖైదీ ఉండి తీరాలి, ఆ ముసలి ఖైదీ ఈయనే అయి తీరాలి. కొత్తగా వచ్చిన హీరోకి తన దుప్పటి ఇచ్చేస్తాడు. కిటికీలో వాలిన పావురానికి తన ముద్దలో సగం పెడతాడు. చెయ్యని నేరానికి లోపలికొచ్చానని ఎవరూ అడక్కుండానే చెబుతాడు. మిగతావాళ్ళు రాళ్ళు కొడుతూ పాట పాడుతుంటే పక్కన కూర్చుని తాళం వేస్తాడు. రేపు విడుదల అనగా ఇవాళ ఊచలు పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ ప్రాణం వదిలేస్తాడు. హీరో "తాతా!" అని గావుకేక పెడతాడు, పావురం ఎగిరిపోతుంది, హాల్లో ఆడా మగా తేడా లేకుండా ముక్కులు చీదుకుంటారు.

ఇదంతా ఉత్త సొల్లు అని మీరనొచ్చు. అనండి. కానీ ఆ చావు చావడం మీవల్ల కాదు. ఊచల మీద నుంచి చెయ్యి జార్చెయ్యడం ఎవడైనా చేస్తాడు. ఈయన అలా చెయ్యడు, ఒక్కో వేలే వదులుతాడు. ముందు బొటనవేలు, తర్వాత చూపుడువేలు, అలా అలా వచ్చి చివరికి చిటికెన వేలు ఒక్కటీ ఊచని పట్టుకుని ఉంటుంది. అది ఉంటుందా ఊడుతుందా అని హాలు హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. అప్పుడు దాన్నీ వదిలేస్తాడు. ఆ చిటికెన వేలు కోసమే దర్శకులు ఆయన్ని పిలిచేవారు. అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. 'జైలు తాత' అంటే చాలు. బజారులో ఎవరైనా ఆపి "తాతా, నిన్న టీవీలో మళ్ళీ చచ్చారు, ఇంటిల్లిపాదీ ఏడ్చాం" అన్నారంటే ఆ రోజంతా ఆయన కాళ్ళు నేల మీద ఆనవు.

నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఏమిటంటే, ఆయన ఒక్కగానొక్క కూతురు నిజం జైలుకి పెద్ద అధికారి. లోపలివాళ్ళూ బయటివాళ్ళూ అందరూ ఆమెని జైలరమ్మ అంటారు. భార్య పోయినప్పటి నుంచీ ఆయన ఆ కూతురి దగ్గరే ఉంటున్నాడు. తండ్రి అంటే ఆమెకి ప్రాణం. ఆయన కాఫీలో చక్కెర ఎంతో ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు. ఒక్కటే లోటు. ఆ చిటికెన వేలు సీను ఆమె చూడగా ఆయన ఏనాడూ ఎరగడు. సినిమాహాల్లో అయినా, ఇంట్లో టీవీ ముందైనా, ఆయన ఊచలు పట్టుకునేసరికి పక్క కుర్చీ ఖాళీ అయిపోయేది. దాహం వేసిందనేది, ఫోనొచ్చిందనేది, పొయ్యి మీద పాలున్నాయనేది. ఊరంతా ఏడ్చే సీనుకి సొంత కూతురు లేచిపోతుంటే ఆయనకి తల కొట్టేసినట్టుండేది. నిజం జైలు చూసిన మనిషి కదా, నా చావు ఆమెకి చవకగా కనిపిస్తోంది కాబోలు అనుకునేవాడు. అడిగే ధైర్యం మాత్రం చెయ్యలేదు. అడిగితే నిజమే చెబుతుంది, అదే ఆయన భయం.

ఒకరోజు పొద్దున్న కాఫీ ముందు పెట్టి కూతురే మాట కదిపింది.

"నాన్నా, నీతో పని పడింది. మా దగ్గర కుటుంబాల రోజు చేస్తున్నాం. అద్దం అడ్డం లేకుండా ఇంటివాళ్ళతో పక్కపక్కన కూర్చునే రోజు. మావాళ్ళు నాటకం వేస్తామన్నారు. నేర్పడానికి జైలు తాతే కావాలని పట్టుబట్టారు."

ఆయన కాఫీ తాగడం ఆపి మీసం సర్దుకున్నాడు. "చూశావా మరి! నిజం ఖైదీలే నన్ను అడుగుతున్నారు."

"అడుగుతారు, వాళ్ళకీ టీవీ ఉంది. కానీ ముందే చెబుతున్నాను. పావురం వద్దు. ఏ పాపం ఎరగని ఖైదీ వద్దు. కొరడా ఝళిపించే జైలరు అసలే వద్దు."

"అవన్నీ తీసేస్తే ఇంక జైలేం మిగులుతుంది?"

"జైలు మిగులుతుంది నాన్నా."

ఆయనకి ఒళ్ళు మండింది. "ఆ పావురమే నిన్ను చదివించింది తల్లీ" అన్నాడు.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "కాదనలేదు. కానీ మొన్న ఒకావిడ కొడుకుని చూడటానికి మొదటిసారి వచ్చింది. నా గదిలోకి రాగానే కాళ్ళ మీద పడిపోయింది. నా బిడ్డని కొట్టకండమ్మా, వాడు తట్టుకోలేడు అని ఒకటే ఏడుపు. నా ముఖం కూడా సరిగ్గా చూడలేదావిడ. మీ సినిమాల్లో జైలర్ని చూసింది. లేవదీసి, నీళ్ళిచ్చి, నీ కొడుకు కుట్టుమిషను నేర్చుకుంటున్నాడమ్మా అని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కడి మీద చెయ్యెత్తలేదు నేను. నాకూ గర్వం ఉంటుంది కదా నాన్నా."

ఆయన మళ్ళీ కాఫీ అందుకున్నాడు.

"ఇంకోటి" అంది కూతురు. "లోపల నేను నీ కూతుర్ని కాను. మా ఇంటివాళ్ళెవరో లోపలివాళ్ళకి తెలియకూడదు, అది మా పద్ధతి. నువ్వు నన్ను మేడమ్ అనాలి, నేను నిన్ను మీరు అంటాను."

పద్ధతి అంటే పద్ధతే, ఎవరు కాదంటారు. కానీ ఆయన చెవికి ఆ మాట వేరేగా వినిపించింది. నన్ను నాన్న అని చెప్పుకోవడానికి దీనికి నామోషీగా ఉందన్నమాట అనుకున్నాడు. మిగిలిన కాఫీ అలాగే చల్లారిపోయింది. ఒక్క సంగతి మాత్రం గమనించి కడుపులో దాచుకున్నాడు. పావురం వద్దంది, కొరడా వద్దంది, చావు మాత్రం వద్దనలేదు. మరిచిపోయి ఉంటుంది. గుర్తుచెయ్యడానికి ఆయనేం వెర్రివాడు కాదు.

జైలు గేటు దగ్గర బెల్టూ ఫోనూ తీసి పెట్టమన్నారు. ఇనుప తలుపు కిర్రుమంటుందని ఆయన చెవులు రిక్కించాడు. ఎవరో శ్రద్ధగా నూనె పెట్టిన తలుపు అది, చప్పుడే చెయ్యలేదు. చీకటి కొట్లూ గోడకి గొలుసులూ ఉంటాయనుకున్న మనిషికి ముందుగా కనిపించినవి తీగల మీద ఆరేసిన దుప్పట్లు. ఆ పక్కన పెద్ద వంటగది, దాని వెనక టమాటా మొక్కలు, రేకుల షెడ్డులో వరసగా కుట్టుమిషన్లు. చారల చొక్కా ఒక్కరి ఒంటి మీదా లేదు, అందరివీ తెల్లబట్టలే. ఇన్నేళ్ళూ జైళ్ళలో బతికి జైళ్ళలో చచ్చిన మనిషి, తను ఒక్క జైలూ చూడలేదని అప్పుడు గుర్తు చేసుకున్నాడు.

"వీరు పేరున్న కళాకారులు" అని 'మేడమ్' ఆయన్ని పరిచయం చేసింది. "మీకు నాటకం నేర్పుతారు. మర్యాదగా ఉండండి."

మర్యాద సంగతి దేవుడెరుగు. ఆమె మాట పూర్తికాకుండానే షెడ్డులోంచి ఒక గొంతు లేచింది: "తాతా, ఒక్కసారి చచ్చిపో తాతా!"

అంతే, షెడ్డంతా అందుకుంది. అలా అడిగితే ఆయన ఆగుతాడా? కిటికీ ఊచలు పట్టుకున్నాడు. తిరుగుతున్న మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చిటికెన వేలు వదిలేసరికి, దొమ్మీలు చేసి వచ్చినవాళ్ళు, చూస్తేనే జడుసుకునేలా ఉన్నవాళ్ళు, కళ్ళు తుడుచుకుంటూ ఈలలు వేశారు. ఆయన ఛాతీ విరుచుకుని కూతురి కోసం చూశాడు. ఆమె అప్పటికే వంటగదిలో ఉంది, గరిటెతో అరచేతిలో కాస్త కూర వేసుకుని నాలుక్కి రాసుకుంటోంది. తను రుచి చూడకుండా లోపలివాళ్ళకి తిండి పెట్టనివ్వదట, రోజూ అంతేనట. ఆ రోజు ఉప్పు చాలలేదని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు వేషాలు పంచుకోవడం మొదలైంది. "మేడమ్ నిజం చూపించమన్నారు" అని తాత కొంచెం మూతి ముడుచుకునే చెప్పాడు.

"నిజం రోజూ వేస్తూనే ఉన్నాం కదా తాతా" అన్నాడు దర్జీ. షెడ్డుకి వాడే పెద్ద, నోరు ఆగదు. "సెలవు రోజున కూడా అదే వెయ్యమంటే ఎలా? మాకూ మీ సినిమాలాగే కావాలి. రాళ్ళు కొట్టే పాట కూడా ఉండాలి."

"రాళ్ళు ఎక్కడ కొడతారు మీరు?"

"రాళ్ళెక్కడివి తాతా, చొక్కాలు కుడుతున్నాం. అందుకే పాటలోనైనా కొడదామని."

ఇక వేషాల దగ్గర జరిగిన గొడవ అంతా ఇంతా కాదు. అందరికీ జైలరు వేషమే కావాలి. లేదంటే జడ్జి, అదీ కాకపోతే మంత్రి. జైలు నాటకంలో ఖైదీ వేషం వెయ్యడానికి జైలంతా గాలించినా మనిషి దొరకలేదు. చివరికి దర్జీ బొగ్గుతో మీసం దిద్దుకుని జైలరైపోయాడు. కొరడా బదులు కొలతల టేపు పట్టుకున్నాడు. అదేమిట్రా అంటే, కొరడా వద్దన్నారు గాని టేపు వద్దనలేదుగా అన్నాడు. చావు విషయంలో తను వేసుకున్న లెక్క కూడా అదే కాబట్టి తాత నోరు మూసుకున్నాడు.

ముసలి ఖైదీ వేషానికి ముందుకొచ్చింది మేస్త్రి ఒక్కడే. బయట గోడలు కట్టి బతికినవాడు, తాత ఈడువాడే. తాత అతని భుజం మీద చెయ్యి వేసి, తనకి కొట్టినపిండైన డైలాగు జాలిగా అన్నాడు. "మీరు ఏ పాపం చెయ్యకుండానే ఇక్కడికి వచ్చారు కదూ?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఏం చేసి వచ్చావని ఒకర్నొకరు అడగరు, అక్కడి మర్యాద అది. మేస్త్రి మాత్రం తల దించలేదు.

"నేను చేశాను తాతా. చేశాను కాబట్టే ఉన్నాను. నాటకంలో కూడా చెయ్యలేదని నాచేత అనిపించకండి."

ఇన్నేళ్ళలో మొదటిసారి తాత ఆ డైలాగుని కథలోంచి తీసేశాడు.

మేస్త్రికి ఒక మనవరాలుంది. అతను లోపలికొచ్చాక పుట్టిన పిల్ల, అతన్ని అద్దం అవతల నుంచి తప్ప చూడలేదు. కుటుంబాల రోజుకి తల్లితో వస్తోంది. "నాటకంలో ముసలాయన నేనేనని చెప్పాను దానికి" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. నడక నేర్చుకున్నాడు, దగ్గు నేర్చుకున్నాడు, దుప్పటి ఇవ్వడం నేర్చుకున్నాడు. చావడం దగ్గరే పేచీ. వేళ్ళన్నీ వదిలేవాడు, చిటికెన వేలు మాత్రం వదిలేవాడు కాదు. "ఇటుకలు పట్టిన చేతులు తాతా, వదలవు" అనేవాడు. తాత నెత్తీ నోరూ కొట్టుకునేవాడు.

కొంప ముంచింది మాత్రం తాత ఒంటి మీది తెల్లబట్టలు. ఒకరోజు నడక చూపించడానికి ఆయన కూడా లోపలివాళ్ళ బట్టలు వేసుకున్నాడు. అంతలో లెక్క గంట కొట్టారు. జైల్లో లెక్క అంటే ఆషామాషీ కాదు. అందర్నీ వరసల్లో గొంతుక్కూర్చోబెట్టి తలలు లెక్కపెడతారు. అది తేలేదాకా గిన్నె పొయ్యెక్కదు, మిషను తిరగదు, ఎవడూ లేవడు. గంట వినబడగానే బయటివాళ్ళు పక్కకి తప్పుకోవాలి. తాత తప్పుకోలేదు. మేస్త్రి పక్కన తనూ గొంతుక్కూర్చున్నాడు. కొత్తగా వచ్చిన గార్డు తనని చూసి ఖైదీ అనుకుంటాడా లేదా, అదీ చూడాలని సరదా పుట్టింది. నటుడి బుద్ధి ఎక్కడికి పోతుంది?

గార్డు వేలు ఆయన తల మీదుగా కూడా వెళ్ళింది. తాత లోలోపల పొంగిపోయాడు. నిజం జైల్లో నిజం గార్డు తనని నిజం ఖైదీ అనుకున్నాడు, ఇంతకంటే పెద్ద బహుమతి ఏ నటుడికి దొరుకుతుంది? ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. లెక్క ఒకటి ఎక్కువొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ ఒకటి ఎక్కువ. గార్డుకి చెమటలు పోశాయి. ఒకటి తక్కువైతే ఎవడో పారిపోయాడని అర్థం, ఎక్కువైతే ఏమని అర్థం? గేట్లన్నీ మూసేశారు. వంటవాళ్ళని కూడా తెచ్చి కూర్చోబెట్టారు. ఇప్పుడు లేచి చెబుదామంటే తాతకి నోరు పెగల్లేదు. పక్కవాళ్ళు కూడా పెదవి విప్పలేదు, మనిషిని పట్టివ్వడం వాళ్ళకి చేతకాని పని. ఎండ నడినెత్తికొచ్చింది.

అప్పుడు జైలరమ్మ వచ్చింది. వరసల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి ఆయన ముందు ఆగింది.

"లేవండి" అంది. గొంతు పెంచలేదు. గార్డు వైపు తిరిగి, "ఈయన మన లెక్కలోకి రారు" అంది.

గదిలోకి పిలిచి తలుపు వేశాక కూడా ఆమె 'మీరు' అనే అంది.

"ఆ గార్డు నన్ను నిజంగానే..." అని ఆయన ఏదో నవ్వబోయాడు.

"నమ్మాడు. చాలా బాగా చేశారు. ఇంకాసేపైతే అతని ఉద్యోగం ఊడేది. పొయ్యిలు ఆరిపోయాయి, ముసలీ ముతకా అంతా ఎండలో కూర్చున్నారు. నేనొచ్చాక ఇక్కడ లెక్క ఒక్కసారీ తప్పలేదు. మీకు మీ చిటికెన వేలు ఎలాగో, నాకు ఆ లెక్క అలాగ."

ఆయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతకంటే పెద్ద దెబ్బ మర్నాడు తగిలింది. అంతసేపు గొంతుక్కూర్చోవడంతో మేస్త్రి మోకాలు గుమ్మడికాయలా వాచిపోయింది. డాక్టరు కట్టు కట్టి, నిలబడితే ఊరుకోనని చెప్పి వెళ్ళాడు. కుటుంబాల రోజేమో ముంచుకొచ్చేసింది. ముసలి ఖైదీ వేషం ఇంక తాతే వెయ్యాలి.

సిగ్గుతో చితికిపోవాల్సిన మనిషే. చితికిపోయాడు కూడా. అయినా మనసులో ఒక మూల ఆశ మొలిచింది, దాన్ని పీకేద్దామన్నా రాలేదు. ఆ రోజు జైలరమ్మ అతిథులతో పాటు ముందు వరసలో కూర్చోవాలి. అధికారి కదా, నాటకం మధ్యలో పాలు పొంగుతున్నాయని లేచిపోవడానికి వీల్లేదు. ఇన్నాళ్ళకి కన్నకూతురి ఎదుట చిటికెన వేలు వదులుతాడు. ఆమె కంట ఒక్క నీటిచుక్క కనబడితే చాలు, ఇంక ఏ దర్శకుడు పిలిచినా పిలవకపోయినా ఆయనకి బెంగలేదు.

ముందుగా మేస్త్రిని చూసి తప్పు ఒప్పుకుందామని వెళ్ళాడు. మేస్త్రి మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు.

"మోకాలికేముంది తాతా, వాచింది, తగ్గుతుంది. నాకు ఒక్కటి చేసిపెట్టండి. మీరు చావకండి."

తాత తెల్లబోయాడు.

"ఆ ముసలాయన నేనేనని నా మనవరాలికి చెప్పాను. వేషం మీరు వేసినా దానికి అది నేనే. అది చూస్తుండగా నేను చావలేను. అసలు ఆ రోజు నేనైనా చచ్చేవాణ్ణి కాదు. చిటికెన వేలు వదలకుండా అలాగే నిలబడిపోదామనుకున్నాను. చెబితే మీరు తిడతారని చెప్పలేదు."

"నాటకమని తెలియదా ఏమిటి పిల్లకి?"

"తెలుస్తుంది. అయినా ఏడుస్తుంది. ఇంటికెళ్ళాక ఏడిస్తే, ఇదిగో ఉన్నానే తల్లీ అని చూపించడానికి నేను అక్కడ ఉండను కదా తాతా."

తాత "చూద్దాం" అని లేచి వచ్చేశాడు. ఇంటికి వచ్చాక కాలు కాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. చావని జైలు తాతని ఎవరు చూస్తారు? వంట రాని వంటవాడిని ఎవరైనా పెట్టుకుంటారా? మేస్త్రి అడిగింది చిన్న కోరికలా ఉంది గాని, ఆయన దగ్గరున్న ఆస్తంతా అదే. అదీ కూతురు చూడబోయే రోజున.

కుటుంబాల రోజు భోజనాల హాల్లో బల్లలు కలిపి వేదిక కట్టారు. ఒక్కో తెల్లచొక్కా పక్కన ఒక్కో కుటుంబం. చేతులు పట్టుకుని కూర్చున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉన్నారు, వదిలితే ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు. మేస్త్రి ఒళ్ళో మనవరాలు కూర్చుంది, కట్టు కట్టిన కాలు పక్క కుర్చీ మీద ఉంది. జైలరమ్మ కాళ్ళ మీద పడ్డ ఆ తల్లి కూడా వచ్చింది, కొడుకు కుట్టిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని మడతలు సర్దుతూ ఉంది.

దర్జీ బొగ్గు మీసంతో, టేపు ఝళిపిస్తూ వేదిక ఎక్కేసరికి ఆ తల్లి ముఖం వాడిపోయింది. వాడు గుడ్లురిమి హుంకరించాడు, ఖైదీలు వణికారు, అచ్చం సినిమా. తర్వాత వాడు వంట గిన్నె దగ్గరికి వెళ్ళి, గరిటెతో అరచేతిలో కాస్త వేసుకుని, నాలుక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని ఆలోచించి, "ఉప్పు చాలలేదు" అన్నాడు. తెల్లచొక్కాలన్నీ ఒక్కసారిగా నవ్వి చప్పట్లు కొట్టాయి. జైలరమ్మకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక ముఖం చేతుల్లో దాచుకుని మరీ నవ్వింది. ఆ తల్లి బొగ్గు మీసాన్ని ఒకసారి, ముందు వరసలో నవ్వుతున్న అధికారిని ఒకసారి చూసి, కొడుకుని ఏదో అడిగింది. రోజూ అంతేనమ్మా అన్నాడు వాడు. వేదిక పక్క నుంచి చూస్తున్న తాతకి, తన నాటకంలో తన కూతురికి కొట్టిన చప్పట్లలా అనిపించి గుండె నిండిపోయింది.

ఆ తర్వాత తాత వచ్చాడు. దగ్గాడు, దుప్పటి ఇచ్చాడు, పాటకి తాళం వేశాడు. రేపు నీ విడుదల అని బొగ్గు మీసం వచ్చి చెప్పింది. చెక్కతో చేసిన ఊచలు. తాత వాటిని పట్టుకున్నాడు. బొటనవేలు వదిలాడు. చూపుడువేలు వదిలాడు.

ఇంతకాలం ఆయనకి తెలియనిది ఒకటుంది. పక్క కుర్చీ ఖాళీ అవడం ఆయన ఎరుగును గాని, లేచి వెళ్ళే మనిషి ముఖం ఏనాడూ చూడలేదు. ఆ క్షణంలో ఆయన కళ్ళు తెర మీద తన వేళ్ళ మీదే ఉండేవి. ఇవాళ తెర లేదు. కూతురు ఎదురుగా ఉంది. చేతులు కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి, మనిషి సగం లేచి ఉంది, లేవడానికి వీల్లేక సగంలో ఆగిపోయి ఉంది. ఆ ముఖంలో వెటకారం లేదు. చిన్నప్పుడు ఆయన పెట్టె పట్టుకుని షూటింగుకి బయలుదేరినప్పుడల్లా గుమ్మం పట్టుకుని నిలబడే పిల్ల ముఖం అది. వెనక వరసలో మేస్త్రి మనవరాలు అతని భుజంలో తల దాచేసుకుంది. చవకగా కనిపించి కాదు, నిజంలా కనిపించి లేచిపోయేదన్నమాట నా తల్లి. ఇన్నేళ్ళూ ఎంత మొద్దుని నేను అనుకున్నాడాయన.

ఊచ మీద చిటికెన వేలు ఒక్కటే ఉంది. జనం ఊపిరి బిగబట్టారు. వేలు ఊడలేదు. ఉంగరపు వేలు మెల్లగా వెనక్కి వచ్చి దాని పక్కన చేరింది. తర్వాత మధ్యవేలు. తర్వాత గుప్పిలి బిగిసింది.

హీరో పెట్టాల్సిన "తాతా!" అనే గావుకేకని కూడా తనే తీసుకున్న దర్జీ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. వాడికి దిక్కు తోచలేదు. చివరికి టేపు చంకలో పెట్టుకుని, "ఏం తాతా, ఇంకా చావలేదా?" అన్నాడు.

"తీరిక లేదు నాయనా" అన్నాడు జైలు తాత. "ఇంటి దగ్గర పిల్ల ఎదురుచూస్తోంది."

మేస్త్రి భుజం మీంచి చిన్న తల పైకి లేచింది. హాలంతా గొల్లుమంది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వాళ్ళకే తెలియదు. తాత దుప్పటి మడిచి భుజాన వేసుకుని, వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళాడు. మేస్త్రి ఆయనకి దణ్ణం పెట్టలేదు, కళ్ళతో నవ్వాడంతే. తాత తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డవాడు ఎవరనుకున్నారు? లెక్క తప్పిన ఆ గార్డే. ఒకసారి దెబ్బతిన్న మనిషి, తెల్లబట్టల వాళ్ళని ఈసారి నమ్మదలచుకోలేదు.

"ఎవరూ బయటికి వెళ్ళకూడదు" అన్నాడు.

ఇదీ నాటకమేననుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. గార్డు మాత్రం నవ్వకుండా జైలరమ్మ వైపు చూశాడు. ఆమె లేచి నిలబడింది. నిటారుగా నిలబడింది. కళ్ళు తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"వదలండి" అంది, హాలంతా వినబడేలా. "ఆయన మన లెక్కలోకి రారు. ఆయన మా నాన్న."

వేదిక మీద నుంచి దర్జీ, "ఆ సంగతి మాకు మొదటి రోజే తెలుసు మేడమ్! ఇద్దరి ముక్కూ ఒకటే!" అని అరిచాడు. అప్పుడు లేచిన చప్పట్లు ఆయన ఏ సినిమాహాల్లోనూ వినలేదు.

సాయంత్రం కుటుంబాలన్నీ వెళ్ళిపోయాక లెక్క సరిగ్గా తేలింది. గేటు దగ్గర ఆయన బెల్టూ ఫోనూ కూతురే తెచ్చి ఇచ్చింది.

"ఎందుకమ్మా ఒక్కసారీ చెప్పలేదు?" అన్నాడాయన.

"మొదటిసారి చూసినప్పుడు నేను మరీ చిన్నదాన్ని నాన్నా. నువ్వు ఊళ్ళో లేవు, షూటింగులో ఉన్నావు. నాన్న బాగానే ఉన్నాడే అని అమ్మ ఎంత చెప్పినా నమ్మలేదు. నువ్వు తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే పడుకున్నాను. అప్పటి నుంచీ ఆ సీను నావల్ల కాదు."

"అప్పుడే చెబితే చావడం మానేసేవాణ్ణి కదా తల్లీ."

"అందుకే చెప్పలేదు. మీ నాన్నలా చచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరే అని అందరూ అంటుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో నీకు తెలుసా? అది నీ పని. పావురం వద్దంటాను గాని నీ పనిని వద్దని ఎలా అంటాను?"

ఆయన బెల్టు పెట్టుకోబోయాడు. కొక్కెం ఎంతకీ పడలేదు. ఆమె తొందరపెట్టలేదు.

"మొత్తానికి ఈసారి చివరిదాకా ఉన్నావు" అన్నాడు, తల ఎత్తకుండానే.

"నువ్వూ ఉన్నావుగా నాన్నా" అంది కూతురు.

ఆమే వంగి కొక్కెం పెట్టింది. నూనె పెట్టిన తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది, ఇద్దరూ ఇంటికి బయలుదేరారు.